లైనులో ఉన్న అమ్మ

ఫెబీ నోరు తెరిస్తే కరుస్తుందని పల్లెలో పేరు పడిపోయింది. మార్కాపురం నుంచి తర్లుపాడు పోయే దారిలో, రోడ్డు దిగి కాస్త లోపలికి పోతే వస్తుంది ఆ పల్లె. చర్చి వెనక వీధిలో రెండు గదుల కాలనీ ఇల్లు వాళ్లది. నాయన జాషువా మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీకి పోతాడు, రాయి కోసే మిషను దగ్గర పని. అమ్మ స్టెల్లా మిరప కోతలకీ పత్తి తీతలకీ పోతుంది. ఫెబీ ఒక్కతే కూతురు. ఒక్కతే కాబట్టి గారాబం చేసి చెడగొట్టుకున్నారని ఇరుగుపొరుగు అనుకునేవాళ్లు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఫెబీకి ఒళ్లు మండేది. గారాబమా? ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు?

చిన్నప్పుడు ఆ పిల్ల కరిచే రకం కాదు. వసపిట్ట. బడి నుంచి వచ్చి సంచీ పడేసి, పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మ వీపుకి ఆనుకుని, పొద్దుట్నుంచి జరిగినదంతా చెప్పేది. ఎవరు ఎవర్ని గిల్లారు, సారు ఎవర్ని నిలబెట్టారు, మధ్యాహ్నం పప్పులో నీళ్లెన్ని పోశారు. స్టెల్లా ఉల్లిపాయలు తరుగుతూ, "ఆపైన?" అనేది. ఆ ఒక్క మాట చాలు, ఇంకో గంట నడిచేది కథ. జాషువా ఇంటికొచ్చే సరికి తలనిండా బూడిద రంగు రాతిపొడి ఉండేది. దులపమని తల వంచితే, ఫెబీ రెండు చేతులతో తబలా వాయించినట్టు కొట్టేది.

ఫోను ఆ ఇంటికి ఫెబీ కోసమే వచ్చింది. కరోనా ఏడు బళ్లు మూసేసి పాఠాలు ఫోనులో చెబుతామన్నారు. జాషువా పాత ఫోను మాట్లాడ్డానికి తప్ప దేనికీ పనికి రాదు. అందుకని పెద్దది కొన్నారు. ఫెబీ అప్పుడు అయిదో తరగతి. గోడకి ఆనించి పెట్టి, ముందు కూర్చుని, లెక్కలు రాసుకునేది. నాలుగు వారాలో అయిదు వారాలో అలా సాగింది.

ఆ ఏడే కనిగిరిలో స్టెల్లా తల్లి పోయింది. కరోనా అని శవాన్ని ఇంటికి తేనివ్వలేదు. స్టెల్లాకి ఆఖరి చూపు దక్కలేదు. వారం పది రోజులు అన్నం ముట్టలేదు. అప్పుడెవరో బంధువు ఒక నంబరు ఇచ్చింది. ఆ నంబరుకి ఫోను చేస్తే ఒకేసారి వందల మంది కలుస్తారు, ఒకరు ప్రార్థన చేస్తుంటే అందరూ వింటారు. గిద్దలూరు వైపు ఒకామె నడిపిస్తోంది. ప్రార్థన లైను అంటారు దాన్ని. మొదటి రోజు స్టెల్లా, ఫెబీ పాఠాల ఫోనులోనే, ఆ లైనులో కలిసి తల్లి పేరు చెప్పి ఏడ్చింది. ముక్కూమొహం తెలియని ఆడవాళ్లంతా ఆమెతోపాటు ఏడ్చారు. ఆ పూట స్టెల్లా అన్నం తిన్నది. ఆ సంగతి ఫెబీకి బాగా గుర్తు. అమ్మ తిన్నదని తనే ముందు సంతోషపడింది.

స్టెల్లాది మంచి గొంతు. చేలల్లో ఆమె పాడుతుంటే పక్క చేలో కూలీలు కూడా చేతులు ఆపి వినేవాళ్లు. లైనులో ఒకసారి పాడమన్నారు, పాడింది. మళ్లీ పాడమన్నారు. తర్వాత వాక్యం చదవమన్నారు. ఏడాది తిరిగేసరికి సాయంత్రం లైను నువ్వే నడుపు సిస్టర్ అన్నారు. చేలో మేస్త్రీ "ఏమే స్టెల్లా" అని పిలిచేవాడు. లైనులో కురిచేడు వాళ్లూ కనిగిరి వాళ్లూ కువైట్‌లో ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లూ కూడా "స్టెల్లమ్మ గారూ, మా కోసరం ప్రార్థన చెయ్యండి" అనేవాళ్లు. తెల్లవారుజామున ఒక లైను, మధ్యాహ్నం అన్నాల వేళ ఒకటి, సాయంత్రం ఒకటి. వాటి మధ్యలో విడిగా వచ్చే ఫోన్లు. ఒకామె మొగుడు తాగుతాడు, ఒకామె కొడుకు మాట వినడు, ఒకామెకు గర్భసంచి ఆపరేషను. స్టెల్లాకి వాళ్ల పిల్లల పేర్లన్నీ నోటికి వచ్చు.

ఫెబీ ఏదైనా చెప్పబోతే స్టెల్లా అరచెయ్యి ఎత్తేది. ఫోను చెవి దగ్గర, అరచెయ్యి కూతురి మొహం ముందు. ఆగమని. ఫెబీ ఆగేది. ఆగి, నిలబడి, కాళ్లు మార్చుకుని, ఆఖరికి వెళ్లిపోయేది. లైను అయిపోయాక "ఏందో చెప్పబోయినావు?" అని స్టెల్లా అడిగిన రోజులు మొదట్లో ఉన్నాయి. తర్వాత లేవు.

పోనీ నాయనకి చెబుదామంటే ఆయన చెవులు ఎప్పుడో మూతపడ్డాయి. ఏళ్ల తరబడి మిషను మోతకి సగం వినికిడి పోయింది. ఫెబీ ఏడో తరగతిలో ఉండగా ఆయనా ఒక ఫోను కొన్నాడు. ఇంటికి రాగానే స్నానం చేసి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, నీళ్ల చెంబుకి ఫోను ఆనించి, అన్నం తింటూ చూసేవాడు. లారీలు ఘాట్ రోడ్లు ఎక్కే వీడియోలు, ఎవరో అడవిలో మేకను కాల్చుకు తినే వీడియోలు, ఇద్దరు కూర్చుని తిట్టుకునే వీడియోలు. ఆయన తాగేవాడు కాదు, కొట్టేవాడు కాదు. పల్లెలో అందరూ జాషువా లాంటి మొగుడు దొరకాలని అనేవాళ్లు. ఆ పొగడ్త కూడా ఫెబీకి నచ్చేది కాదు. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లున్నారు, ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దర్లో ఒక్కరూ తన వైపు చూడరు. ఇది ఎవరికి చెప్పుకుంటే అర్థమవుతుంది? అమ్మ సినిమాలు చూస్తోందా అంటే లేదు, దేవుడి పని చేస్తోంది. నాయన పేకాటకి పోతున్నాడా అంటే లేదు, ఇంట్లోనే ఉన్నాడు.

తొమ్మిదో తరగతిలో ఫెబీకి ఆ జబ్బు మొదలయింది. సోషల్ క్లాసులో లేచి పాఠం చదవమన్నారు. రెండు వాక్యాలు చదివింది. మూడో దాని దగ్గర గుండె దడదడలాడింది, ఊపిరి అందలేదు, అరచేతులు తడిసిపోయి పుస్తకం జారింది. చచ్చిపోతున్నాననుకుంది. నీళ్లు తాగించి కూర్చోబెట్టారు. ఎండదెబ్బ అన్నారు. మళ్లీ వారానికి బడి ప్రార్థన గంటలో అలాగే వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడొస్తుందో తెలియక, ఎప్పుడూ వస్తుందేమోనన్న భయంతోనే ఉండేది.

ఇంట్లో చెప్పడానికి మూడుసార్లు ప్రయత్నించింది. రెండుసార్లు అరచెయ్యి అడ్డమొచ్చింది. మూడోసారి స్టెల్లా ఫోను మ్యూట్‌లో పెట్టి, "టిఫిను తినకుండా పోతే అట్లనే ఉంటది. తిని పో" అని చెప్పి, మ్యూట్ తీసి, కురిచేడు నుంచి ఎవరికో తల తిరుగుతోందంటే ఆమె కోసం కన్నీళ్లతో ప్రార్థించింది. ఫెబీ గడపలో నిలబడి అంతా విన్నది. ఆ కురిచేడు ఆమె మొహాన్ని ఊహించుకుని కసిగా తిట్టుకుంది.

అప్పట్నుంచి ఆమెలో కరిచే గుణం మొదలయింది. కూరలో ఉప్పు లేదని కంచం తోసేసింది. నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెల వరసలో ముందుకు వచ్చిన ముసలామెని నోటికొచ్చినట్టు అన్నది. బడిలో ఒకటో తరగతి నుంచి జత ఉన్న లక్ష్మీకుమారి ఏదో సరదాకి జడ లాగితే, ఆ పిల్ల ముంజేతిని రక్తం వచ్చేట్టు గీరింది. లక్ష్మీకుమారి వాళ్లది గొర్రెలు కాచే ఇల్లు. ఆ పిల్ల ఏడవలేదు, గీరిన చెయ్యి చూసుకుని, "నీకేమైందే" అని అడిగింది. ఫెబీ బెంచీ మారింది. గోళ్లు చివుళ్ల దాకా కొరుక్కునేది. వెంట్రుకలు ఒక్కొక్కటే పీక్కునేది.

క్లాసు టీచరు కృష్ణవేణమ్మ స్టెల్లాకి కబురు పెట్టింది. స్టెల్లా వచ్చింది, ఫోను చేతిలో ఉంది. టీచరు మాట్లాడుతుండగా రెండుసార్లు వెలిగింది.

"చదివే పిల్లమ్మా, ఉన్నట్టుండి ఇట్ల అయిపోయింది. ఇంట్లో ఏమన్నా గొడవలున్నాయా?" అని టీచరు అడిగింది.

"మా ఇంట్లో గొడవలేముంటాయి మేడం? మాది ప్రార్థన చేసుకునే ఇల్లు," అన్నది స్టెల్లా. దారంతా ఫోను చూసుకుంటూ నడిచింది. ఇంటికొచ్చాక మాత్రం, "లైను నడిపేదాని కూతురివి. నలుగురిలో నా మొహం ఎట్ల పెట్టుకోవాల?" అన్నది.

"లైనులో మొహం కనపడదుగా," అన్నది ఫెబీ.

స్టెల్లా ఆ మాటకి చెయ్యెత్తింది. కొట్టలేదు. ఫోను మోగింది.

పదో తరగతి మొదలైన వానాకాలంలో ఫెబీ పక్క తడపడం మొదలయింది. పదిహేనేళ్ల పిల్ల. మొదటిసారి తెల్లవారి లేచి చూసుకుని, దుప్పటి చుట్టచుట్టి దొడ్లోకి పరిగెత్తింది. తొట్టిలో ముంచి పిండి తీగ మీద ఆరేసింది. రెండు రోజులాగి మళ్లీ. తెల్లవారుజాము లైను కోసం లేచే స్టెల్లా, తీగ మీద దుప్పటి మూడోసారి కనబడ్డప్పుడు దొడ్లోకి వచ్చింది.

ఆ రోజు మాత్రం ఫోను ఇంట్లో పెట్టి వచ్చింది. అది అనుకుని పెట్టిందో, ఛార్జింగులో ఉందో ఫెబీకి తెలియదు. వచ్చి తడి దుప్పటి పట్టుకుని చూసి, "ఏందిది?" అన్నది.

ఫెబీ చెప్పింది. ముందు దుప్పటి సంగతి చెప్పింది, ఆపైన గుండె దడ, ఊపిరి, క్లాసు, లేచి నిలబడాలంటే భయం, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చేశాయి. స్టెల్లా రాతి అరుగు మీద కూర్చుని, కూతుర్ని ఒళ్లోకి లాక్కుని, వీపు నిమురుతూ విన్నది. మధ్యలో మాట్లాడలేదు. "నాకు ముందే చెప్పకూడదా తల్లీ" అని ఒక్కసారి అన్నది. ఎన్నిసార్లు చెప్పబోయాననే మాట ఫెబీ నాలిక చివరిదాకా వచ్చింది, మింగేసింది. అమ్మ చీరలో మిరప ఘాటు ఉంది. ముక్కు మండుతున్నా ఫెబీ మొహం తియ్యలేదు.

"ఎవరికీ చెప్పబాక," అన్నది.

"ఎవరికి చెప్తాను? దేవుడికి చెప్తాను," అన్నది స్టెల్లా.

ఆ శనివారం పగలంతా ఫెబీకి ఒళ్లు తేలికగా ఉంది. ఆదివారం కూడా. చర్చిలో అమ్మ పక్కన కూర్చుని పాడింది కూడా. ఆ సాయంత్రం ట్యాంకరు వస్తే నీళ్లకి పోయింది.

సోమవారం బడిలో తన బెంచీ మీద, తను కూర్చునే చోట, ఎవరో మడత విప్పిన న్యూస్ పేపరు పరిచి ఉంచారు. ఫెబీకి ముందు అర్థం కాలేదు. తీసి పక్కన పడేసింది. వెనక బెంచీలో ఒక పిల్ల, "తియ్యబాకే, తడుస్తది," అన్నది. నలుగురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

ఇంటర్వెల్లులో లక్ష్మీకుమారి వచ్చి పక్కన నిలబడింది. గీరిన రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"మీయమ్మ నిన్న సాయంత్రం లైనులో చెప్పిందంట," అన్నది గొంతు తగ్గించి. "ఆ వెనక బెంచీ పిల్ల వాళ్లమ్మ విన్నదంట. రికార్డు చేసి ఏదో వాట్సాప్ గ్రూపులో కూడా పెట్టినారంట."

"ఏం చెప్పింది?"

"నువ్వు పక్క తడుపుతున్నావనీ, నీకు భయం పట్టిందనీ. నీ పేరు పెట్టి ప్రార్థన చేయించింది. ఏడ్చిందంట కూడా."

ఫెబీ బడిలో ఉండలేదు. సంచీ కూడా తీసుకోకుండా బయటికి నడిచింది. చేల గట్ల మీద పడి, గొర్రెలు తోలుకునే బాట పట్టుకుని, ఎక్కడ కూర్చుందో ఎక్కడ లేచిందో తెలియకుండా పొద్దు వాలేదాకా తిరిగింది. ఏడుపు రాలేదు. వందల మంది కలిసి తన పేరు పలుకుతూ కళ్లు మూసుకున్నారు. కువైట్‌లో ఎవరో గిన్నెలు తోముతూ తన దుప్పటి సంగతి విన్నది. అమ్మ ఒళ్లో తను చెప్పిన మాటలే, అమ్మ నోట్లో పడి, ఆ గొంతుతో, ఆ ఏడుపుతో, అందరికీ పంచిపెట్టినట్టయింది. అమ్మ ఆ పొద్దున నిజంగానే విన్నదా, లేక లైనులో చెప్పుకోడానికి కావాలని విన్నదా? ఈ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఫెబీ ఇంటి దారి పట్టింది.

ఇంటికి చేరేసరికి సాయంత్రం లైను మొదలయింది. జాషువా మంచం మీద గోడవైపు తిరిగి వీడియో చూస్తున్నాడు. స్టెల్లా కింద కూర్చుని, ముసుగేసుకుని, కళ్లు మూసుకుని, ఫోనుని స్పీకరులో పెట్టి స్తోత్రాలు చెబుతోంది. కూతురు ఇంతసేపు ఎక్కడికి పోయిందనే ఆలోచన ఆమెకి వచ్చినట్టు లేదు. ఫెబీ వెళ్లి ఆమె ముందున్న ఫోను తీసుకుంది.

"అందరికీ వందనాలు," అన్నది. "నేను స్టెల్లమ్మ కూతుర్ని, ఫెబీని. నిన్న నా కోసరం ప్రార్థన చేసినారు గదా, పక్క తడుపుతున్నానని. ఇయ్యాల మా అమ్మ కోసరం చెయ్యండి. మా ఇంట్లో నేనొకదాన్ని ఉన్నానని ఆమెకు గుర్తుకు రావాలని చెయ్యండి. మీ పిల్లల పేర్లన్నీ ఆమెకు తెలుసు. నాకు ఊపిరాడక ఏడాది దాటింది, అది తెలియదు. మూడుసార్లు చెప్పబోయినాను, మీరే అడ్డం వచ్చినారు. మీలో ఎవరికన్నా ఇంట్లో పిల్లలుంటే లైను కట్ చేసి పోయి చూసుకోండి."

స్టెల్లా లేచి ఫోను లాక్కుని, అదే చేత్తో కూతురి చెంప మీద కొట్టింది. రెండోసారీ కొట్టింది. స్పీకరులో ఎవరో, "సిస్టర్, సిస్టర్, ఏమైంది సిస్టర్," అంటూనే ఉన్నారు. జాషువా ఇయర్‌ఫోన్లు తీసి, లేచి కూర్చుని, ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"ఏందే ఇదంతా? ఏం జరిగింది?" అన్నాడు.

"నువ్వు ఈ ఇంట్లోనే ఉన్నావు గదా నాయనా, నువ్వే చెప్పు," అన్నది ఫెబీ.

ఆయన ఫోను తీసి వీడియో ఆపాడు.

ఆ మరునాటి నుంచి ఇంట్లో యుద్ధమే. లైను వాళ్లు స్టెల్లాని కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమన్నారు. మర్యాదగానే అన్నారు, గిద్దలూరు ఆమె స్వయంగా ఫోను చేసి అన్నది. సొంత ఇంటిని చక్కబెట్టుకోలేనామె మా కోసం ఏం ప్రార్థిస్తుందని వేరే గ్రూపులో ఎవరో పెట్టిన మాట మాత్రం మర్యాదగా లేదు. స్టెల్లా అది చదువుకుని, తల్లి పోయినప్పుడు ఏడ్చినట్టు ఏడ్చింది. ఫెబీ పక్క గదిలోంచి విన్నది. జాలి పడాలనిపించలేదు. ఇప్పుడు తెలిసిందా అనుకుంది.

"నాకున్నది అదొక్కటే. అది కూడా పోగొట్టినావు," అన్నది స్టెల్లా కూతురి కంచంలో అన్నం పెడుతూ.

"నాకున్నది నువ్వొక్కదానివే. నువ్వే పోయినావు," అన్నది ఫెబీ.

స్టెల్లా గరిటె గిన్నెలో పడేసి బయటికి వెళ్లిపోయింది. తల్లీకూతుళ్లు ఒకరి గుడ్డలు ఒకరు ఉతకడం మానేశారు. ఏదన్నా చెప్పాల్సి వస్తే జాషువాతో చెప్పించేవాళ్లు. ఆయనకి సగం వినపడక తప్పు చెప్పేవాడు, దాని మీద మళ్లీ గొడవ.

చర్చి అయ్యగారు శాంతయ్య వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. మంచి మనిషి, ఈ లైన్ల మీద ఆయనకి ముందునుంచీ కాస్త గుర్రుగానే ఉంది. అయినా ఫెబీని పిలిచి, "అమ్మకు క్షమాపణ చెప్పు తల్లీ. కన్నతల్లిని అందరిలో అవమానించడం తప్పు గదా," అన్నాడు.

"చెప్తాను అయ్యగారూ. ముందు ఆమెను నాకు చెప్పమనండి. నన్నూ అందరిలోనే అవమానించింది."

"ఆమె ప్రేమతో చేసింది."

"నేను కూడా ప్రార్థన చెయ్యమనే అడిగినాను అయ్యగారూ."

స్టెల్లా వంటగది గుమ్మంలో నిలబడి, "చూసినారా దాని నోరు," అన్నది. ఆయన టీ తాగి, ముగ్గురి తలల మీదా చెయ్యి పెట్టి ప్రార్థించి వెళ్లిపోయాడు. ఆ ప్రార్థన జరుగుతున్నంతసేపూ ఫెబీ కళ్లు తెరుచుకునే ఉంది.

బడికి పోనని ఫెబీ మొండికేసింది. చివరికి కృష్ణవేణమ్మ టీచరే ఇంటికొచ్చి, మార్కాపురంలో పిల్లల మనసు డాక్టరు ఒకామె ఉందని చెప్పి, జాషువా చేత ఒక పూట పని మాన్పించి ముగ్గుర్నీ పంపింది. డాక్టరు ముందు తల్లిదండ్రుల్నే అడిగింది, ఇది ఎప్పుడు మొదలయిందని.

"ఈ వానాకాలంలో," అన్నది స్టెల్లా.

"పోయిన ఏడాది బళ్లు తెరిచినప్పుడే. తొమ్మిదో తరగతిలో," అన్నది ఫెబీ గోడ వైపు చూస్తూ.

పిల్ల ఎన్నింటికి పడుకుంటుంది, ఏం తింటుంది, స్నేహితులెవరు, ఏ సబ్జెక్టు కష్టం, డాక్టరు అడుగుతూ పోయింది. స్టెల్లా ఒకదానికి జవాబు చెబితే రెండింటికి ఆగిపోయింది. జాషువా ప్రతి ప్రశ్నకీ స్టెల్లా వైపే చూశాడు. చివరికి డాక్టరు కాగితం మీద మందులు రాసి, పిల్లకి వారం వారం వచ్చి మాట్లాడి పొమ్మని చెప్పి, పెద్దవాళ్ల వైపు తిరిగి, "సాయంత్రం పూట రెండు ఫోన్లూ పెట్టెలో పెట్టి తాళం వెయ్యండి, కొన్నాళ్లు," అన్నది.

బయటికొచ్చాక బస్టాండు దాకా స్టెల్లా సణుగుతూనే నడిచింది. "ప్రపంచంలో ఎవరూ ఫోను చూడ్డం లేదా? నేను పాడు పని చేసినానా? తల్లిని దొంగను చేసినట్టు నిలబెట్టి అడిగింది ఆమె." జాషువా ఇయర్‌ఫోన్ల వైరు జేబులోంచి వేలాడుతుంటే లోపలికి తోసుకున్నాడు.

పెట్టె అంటూ ఏదీ పెట్టలేదు. కొన్ని సాయంత్రాలు ఫోన్లు అలమర మీద ఉండేవి, ముగ్గురూ టీవీ లేని ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కూర్చునేవాళ్లు. కొన్ని సాయంత్రాలు స్టెల్లా ఫోను తీసుకుని దొడ్లోకి వెళ్లిపోయేది, వేరే లైను ఏదో పట్టుకుంది, వినడానికి మాత్రమే. మందులకో, డాక్టరుతో మాట్లాడినందుకో, చేతకాని కోపమంతా ఒకసారి బయటపడినందుకో, ఫెబీ దుప్పటి తడవడం తగ్గింది, ఆగింది. గుండె దడ వచ్చేది, కానీ వస్తే చచ్చిపోనని ఇప్పుడు తెలుసు. ఆ రోజు తడుస్తది అన్న పిల్ల పక్కనే కూర్చుని పదో తరగతి పరీక్షలు రాసింది. లక్ష్మీకుమారి హాల్‌టికెట్టు మర్చిపోతే ఫెబీ పరిగెత్తుకెళ్లి తెచ్చిచ్చింది. ఇద్దరూ మళ్లీ మాట్లాడుకున్నారు.

మార్కులు బాగా వచ్చాయి. గిద్దలూరు దగ్గర ఆడపిల్లల హాస్టలు కాలేజీలో సీటు వచ్చింది. మార్కాపురంలోనే చదవొచ్చని స్టెల్లా అన్నది. ఇంట్లో ఉండనని ఫెబీ అన్నది. దాని మీద రెండు రోజులు గొడవ నడిచింది. మూడోరోజు జాషువా హాస్టలుకి తీసుకుపోయే రేకు పెట్టె కొనుక్కొచ్చి ఫెబీ ముందు పెట్టాడు.

నెలకో ఆదివారం తల్లిదండ్రుల్ని రానిస్తారు. ఫోన్లు గేటు దగ్గర వాచ్‌మన్‌కి ఇచ్చి లోపలికి రావాలి. మొదటి నెల స్టెల్లా, జాషువా వచ్చారు. వరండాలో సిమెంటు బల్ల మీద ముగ్గురూ కూర్చున్నారు. స్టెల్లా చికెన్ కూర డబ్బా మూత తీసి ముందు పెట్టింది. చేతులకి పనిలేక చీర కొంగు చుట్టుకుని విప్పుకుంది.

"ఇంజనీరింగు చదువు కష్టంగా ఉందా?" అని అడిగాడు జాషువా.

"నాది బైపీసీ నాయనా. ఇంజనీరింగు కాదు."

"మరి ఎంపీసీ అన్నావు గదా."

"నేనెప్పుడూ అనలా. నువ్వు వినలా."

స్టెల్లా మొగుడి వైపు కోపంగా చూసింది. ఆపైన కూతురి వైపు అదే కోపంతో తిరిగింది. "తిట్టించుకోను వచ్చినామా ఇంత దూరం? ఆయన పని మానుకుని వచ్చినాడు. నన్ను వందలమందిలో తిట్టినావు, ఇంకా తీరలేదా నీకు?"

"తీరలేదు."

"నేను ప్రార్థన చేసినాను. నీకు చెడు జరగాలని చేసినానా?"

"నన్ను అడిగినావా? చెప్పబాకమని అన్నానా లేదా? అన్నప్పుడు నువ్వేమన్నావు?"

"దేవుడికి చెప్తానన్నాను."

"దేవుడు లైనులోనే ఉంటాడా అమ్మా?"

స్టెల్లా డబ్బా ముందుకు జరిపింది. పక్క బల్ల దగ్గర వేరే వాళ్లు చూస్తున్నారు. "అడగలా," అన్నది చివరికి, డబ్బా వైపు చూస్తూ. "అడగాల్సింది. అడగలా. దానికి ఇంకెన్నేళ్లు నన్ను కాల్చుకు తింటావు?"

"నాకు తెలియదు."

"నాకు నిద్ర పట్టదే. ఎవరూ ఫోను చెయ్యరు నాకు ఇప్పుడు."

"నాతోనూ ఎవరూ మాట్లాడలా అప్పుడు."

అట్లా గంట పోట్లాడుకున్నారు. స్టెల్లా ఒకచోట ఏడ్చింది, ఫెబీ ఏడవలేదు. ఫెబీ ఒకచోట గొంతు పెంచితే వార్డెను తొంగిచూసి వెళ్లింది. కూర చల్లారిపోయింది. మధ్యలో జాషువా ఎడమ చెవి వాళ్ల వైపు వచ్చేట్టు జరిగి కూర్చున్నాడు, అటైతే కాస్త వినపడుతుందని. బెల్లు కొట్టాక స్టెల్లా చెప్పకుండానే విసురుగా లేచి వెళ్లిపోయింది. గేటు దగ్గర ఫోను తీసుకుంటూ వెనక్కి తిరిగి చూడలేదు. ఫెబీ డబ్బా తీసుకుని గదికి పోయి, చల్లటి కూరంతా ఒక్కతే తినేసింది.

రెండో నెలా వచ్చారు. మళ్లీ పోట్లాడుకున్నారు. ఈసారి స్టెల్లాయే మొదలు పెట్టింది, హాస్టలుకి పోయినాక నాకు ఒక్కసారన్నా ఉత్తరం ముక్క రాసినావా అని.

మూడో నెల జాషువా ఒక్కడే వచ్చాడు. స్టెల్లాకి మిరప చేలో ఎండ తగిలి జ్వరం, పడుకుంది అన్నాడు. ఫెబీ ఆయన తెచ్చిన సంచీ ముట్టుకోలేదు. జ్వరం ఎన్నాళ్ల నుంచి, డాక్టరుకి చూపించావా, ఏం మాత్ర ఇచ్చారు, రాత్రి ఎవరు నీళ్లు ఇస్తున్నారు, ఆమె పిలిస్తే నీకు వినపడుతుందా, చెవుల్లో ఆ తీగలు తీసి పడుకుంటున్నావా లేదా, అని ఆయన్ని ఆ గంటంతా తిట్టిపోసింది. ఆయన తలొంచుకుని విన్నాడు.

"వచ్చే నెల తోలుకొస్తాలే," అన్నాడు.

"తోలుకరాకపోతే నువ్వు కూడా రాబాక," అన్నది ఫెబీ.